కంప్యూటరు డిస్కుకు తాళం

2011 సెప్టెంబరు 15న తిరువళ్ళూరు పక్కనున్న కాకలూరులో, విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం ప్రారంభించింది. ఆ యంత్రాలలో విండోస్‌తోపాటు బాస్ అనే లినక్స్ కూడా ఉండేది. దాన్ని తయారుచేసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్. తిరుత్తణి ప్రాంతపు పిల్లలకు లినక్స్ పరిచయం కావడానికి అదొక దారి అయింది.

కంప్యూటరు పాతబడితే మరమ్మతుకు ఇస్తాం, లేదా అమ్మేస్తాం. ఒక్కోసారి బస్సులో మరచిపోతాం. అందులో పొలం పట్టా నకళ్ళు, ఆధార్ కార్డు, బ్యాంకు కాగితాలు, ఇంట్లోవారి ఫోటోలు ఉంటాయి. "పాస్‌వర్డ్ పెట్టాం కదా, భయమేమిటి?" అని చాలామంది అనుకుంటారు. మామూలు లాగిన్ పాస్‌వర్డ్ గుమ్మం దగ్గరి కాపలావాడి వంటిది. డిస్కును ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఆ కాపలావాడితో పనే ఉండదు. ఫైళ్ళన్నీ చదువుకోవచ్చు.

దీనికి విరుగుడు ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కుమీది సమాచారాన్నంతా గూఢలిపిలోకి మార్చి ఉంచడం. లినక్స్‌లో ఈ పనికి ఎక్కువగా వాడే పద్ధతి పేరు లక్స్. ఇది 2004 నుంచి వాడుకలో ఉంది.

మీ డిస్కుకు ఈ రక్షణ ఉందో లేదో ఇలా చూడండి. టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, బి, ఎల్, కె అనే అయిదు అక్షరాలను చిన్నబడిలో కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, అడ్డగీత, ఎఫ్ కొట్టండి. డిస్కు భాగాల పట్టిక కనిపిస్తుంది. మీ ఫైళ్ళుండే భాగానికి ఎదురుగా క్రిప్టో లక్స్ అని ఉంటే తాళం ఉన్నట్టు. ఎక్కడా ఆ మాట లేక, ఉత్త ఎక్స్‌ట్-ఫోర్ అని మాత్రమే ఉంటే ఆ తాళం లేనట్టే. బూట్ అనే చిన్న భాగం తాళం లేకుండా ఉండటం మామూలే, దానికి కంగారుపడనక్కరలేదు.

తాళం వేయడానికి అనువైన సమయం లినక్స్‌ను కొత్తగా ఎక్కించేటప్పుడు. డెబియన్, ఉబుంటు వంటివి ఎక్కించేటప్పుడు డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే వీలు చూపుతాయి. దాన్ని ఎంచుకుంటే డిస్కులో పాతవన్నీ చెరిగిపోతాయి. కనుక ముందుగా మరో డిస్కులోకి నకలు తీసుకుని, ఆ నకలు తెరుచుకుంటున్నదని చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ఇక అసలు సంగతి. లక్స్ పద్ధతిలో మీ పాస్‌వర్డ్ నేరుగా డిస్కును తెరవదు. ధాన్యపు కొట్టు తాళంచెవిని ఒక చిన్న పెట్టెలో దాచి, ఆ పెట్టెకు వేరే తాళం వేసినట్టన్నమాట. మీ పాస్‌వర్డ్ తెరిచేది ఆ చిన్న పెట్టెను. అందుకే డిస్కునంతా తిరిగి రాయకుండానే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. తండ్రికొకటి, కూతురికొకటి పెట్టుకోవచ్చు. మొదటి తరం లక్స్‌లో ఇలా 8 వరకు పెట్టుకోవచ్చు.

ఆ పెట్టె ఉండేది సాధారణంగా డిస్కు భాగం మొదట్లో, హెడర్ అనే చోట. అది పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా ప్రయోజనం లేదు. క్రిప్ట్‌సెటప్ అనే ఆదేశంతో హెడర్‌కు నకలు తీసి వేరేచోట భద్రపరచండి. పాస్‌వర్డ్‌నే మరచిపోతే కంపెనీవారు గాని, మెకానిక్కు గాని తెరవలేరు. దొంగను ఆపే తాళం యజమానినీ ఆపుతుంది. పొడవైన పాస్‌వర్డ్ పెట్టి, కాగితంమీద రాసి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో ఉంచండి. కంప్యూటరు సంచిలో మాత్రం పెట్టకండి.

మరొక్క మాట. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ కొట్టు తెరిచే ఉంటుంది. మూత వేసి నిద్రపుచ్చినా తాళంచెవి సాధారణంగా మెమరీలోనే ఉండిపోతుంది. ప్రయాణానికి బయలుదేరేముందు పూర్తిగా ఆపివేయండి. అప్పుడే తాళం పడినట్టు.