మారిన విలువ తెరకు తెలిసేదెలా?

స్టోర్సులో పనిచేసిన వారికి బిన్ కార్డు, లెడ్జరు చిరపరిచితాలు. సరుకు ఇష్యూ అయినట్లు బిన్ కార్డులో నమోదై లెడ్జరుకు ఎక్కకపోతే, రెండూ రెండు మాటలు చెబుతాయి. లెడ్జరును నమ్మి ఇండెంటు పెట్టని అధికారికి షట్‌డౌన్ నాడు సరుకు దొరకదు. లెడ్జరు స్థానంలోకి కంప్యూటరు తెర వచ్చినా ఈ చిక్కు తొలగిపోలేదు.

తెర మీది అంకె, ప్రోగ్రాములోని విలువకు ప్రతిబింబం మాత్రమే. ఈ రెంటినీ ముడివేయడాన్ని డేటా బైండింగ్ అంటాము. అయితే ముడివేసినంత మాత్రాన లోపల జరిగిన మార్పు తెరకు దానంతటదే తెలియదు. తెర విలువను ఒకసారి చదివి చూపుతుంది. మళ్లీ చదవమని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే దోష సందేశమేదీ రాదు. పాత అంకె అలాగే నిలిచి, సరైనదే అన్న భ్రమ కలిగిస్తుంది.

మార్పును ఆశ్రితులకు తెలియజేయాలన్న ఆలోచన పాతదే. 1994లో వెలువడిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథం దీనిని ‘అబ్జర్వర్’ అనే పేరుతో వివరించింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2005 నాటి డాట్‌నెట్ 2.0లో ఇందుకై ‘ఐనోటిఫైప్రాపర్టీచేంజ్‌డ్’ అనే ఇంటర్‌ఫేస్‌ను ప్రవేశపెట్టింది. దీని పని తీరు సరళం. విలువను మార్చే కోడ్, కొత్త విలువను నిల్వచేసిన పిమ్మట, మారిన ప్రాపర్టీ పేరుతో ఒక ఈవెంట్‌ను వెలువరిస్తుంది. దానిని ఆలకించే బైండింగ్ ఆ విలువను తిరిగి చదువుతుంది.

ఆచరణలో మూడు విషయాలు గమనింపదగినవి.

మొదటిది, ఇతర విలువలపై ఆధారపడినవి. 250 రూపాయల ధరగల బేరింగులు 40 ఉంటే మొత్తం విలువ 10,000. పది ఇష్యూ అయ్యాక ‘నిల్వ’ మారినదని మాత్రమే చాటితే, తెర మీద 30 పక్కనే 10,000 కనిపిస్తుంది, ఉండవలసినది 7,500. ‘మొత్తం’ మారిన సంగతినీ వేరుగా చాటాలి.

రెండవది, పేరు. దానిని చేతితో వ్రాసినప్పుడు ఒక్క అక్షరం తప్పినా కబురు చేరదు, కంపైలరు పట్టుకోదు. 2012లో సీ షార్ప్ 5తో వచ్చిన ‘కాలర్‌మెంబర్‌నేమ్’, 2015లో సీ షార్ప్ 6తో వచ్చిన ‘నేమ్‌ఆఫ్’ ఈ ప్రమాదాన్ని చాలావరకు నివారిస్తాయి.

మూడవది, జాబితాలు. ‘అబ్జర్వబుల్‌కలెక్షన్’ అంశాలు చేరినా, తొలగినా తెలియజేస్తుంది; ఒక అంశం లోపలి విలువ మారితే మాత్రం ఆ అంశమే స్వయంగా చెప్పుకోవాలి.

కావున పరీక్షించే ఇంజనీర్లకు మా సూచన ఒక్కటే. తెర మీద అంకెను టైపు చేసి చూచి తృప్తిపడరాదు. అప్పుడు విలువ తెర నుండి లోపలికి పోతుందే తప్ప, లోపలి మార్పు తెరకు చేరుతున్నదీ లేనిదీ తేలదు. విలువను కోడ్ ద్వారానే మార్చి, దానిపై ఆధారపడిన ప్రతి అంకె తెరపై మారినదా అని సరిచూచిన తరువాతనే ప్రోగ్రామును వినియోగదారులకు అప్పగించాలి.