టీకా వేశారు... లెక్కలో వేశారా?

చంటిబిడ్డకు టీకా వేయించారు. కాసేపు ఏడ్చింది, రాత్రికి ఒళ్లు వెచ్చబడింది, తెల్లారేసరికి తగ్గింది. ఇంట్లోవాళ్లకు పని అయిపోయినట్లే. ఏఎన్‌ఎంకు మాత్రం సగమే అయినట్లు. ఏ బిడ్డకు, ఏ తేదీన, ఎన్నో డోసు... అన్నీ రిజిస్టరులోకీ కంప్యూటర్‌లోకీ ఎక్కాలి.

తంటా అక్కడే. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా మనకు! హైదరాబాద్‌లో కాపురముండే అమ్మాయి కాన్పుకు విజయనగరం వెళ్తుంది. పుట్టగానే ఇచ్చే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్‌-బి అక్కడ. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్‌లో ఒకటో రెండో డోసులు అక్కడ, మిగతావి ఇక్కడ. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా ఇక్కడే. రెండు ఊళ్ల లెక్కలూ కలవకపోతే ఆ బిడ్డ రెండుచోట్లా కనిపిస్తుంది... రెండుచోట్లా సగం టీకాలతో!

ఇలాంటి చిక్కులు తీరాలనే తల్లీబిడ్డల్ని పేరుపేరునా నమోదు చేసే విధానాన్ని 2009లో కేంద్రం తెచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్‌ఎంలకు ట్యాబ్లెట్లిచ్చి 'అన్‌మోల్‌' యాప్‌ మొదలుపెట్టారు. కొవిడ్‌ టీకాల 'కొవిన్‌' బాటలో 'యూ-విన్‌' వచ్చింది, 2023లో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా. యాప్‌ మారినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సింది మాత్రం ఆ ఏఎన్‌ఎమ్మే!

ఏ మీట నొక్కాలో చెప్పేస్తే శిక్షణ అయిపోదు. అంకెను చూడగానే అనుమానం రావాలి. ఓ ఉపకేంద్రంలో పెంటావాలెంట్‌ మొదటి డోసు 100 మందికి, మూడోది 80 మందికి వేశారనుకుందాం. మధ్యలో ఆగిపోయిన ఆ ఇరవై ఇళ్లూ వెతకాలి. అదే మూడో డోసు 110 అని ఉంటే? సంబరపడితే కుదరదు. వేరే ఊరి పిల్లలైనా వచ్చుండాలి, నమోదులో తప్పైనా దొర్లుండాలి. పుట్టిన తేదీ ఒక నెల తేడాగా పడినా అంతే, తర్వాతి టీకా ఎప్పుడన్నది మొత్తం తారుమారు. ఇవన్నీ జిల్లా కార్యాలయానికి చేరాక కాదు, ఉపకేంద్రంలోనే పట్టుకోగలగాలి. అందుకు ఏఎన్‌ఎంలకు నేర్పేవాళ్లూ కావాలి, నేర్చుకునే తీరికా కావాలి. రెండోదే కష్టం.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ కొంత ఉంది. టీకాకు వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లండి. ఒట్టి టిక్కు కాదు, తేదీ రాయించుకోండి. పుట్టింటి నుంచి తిరిగొచ్చాక ఆ కార్డును ఇక్కడి ఏఎన్‌ఎంకు చూపించండి. ఫోన్‌ నంబరు మారితే అదీ చెప్పండి.