ఒకే ఒక్క మొవ్వు

తిరుత్తణిలో మా వీధి చివరి ఇంటి ముందు ఒక ఫాక్స్‌టెయిల్ పామ్ ఉండేది. పదేళ్లు ప్రేమగా పెంచారు. నక్కతోకలా గుబురుగా ఉండే దాని మట్టలు కరెంటు తీగలకు తగులుతున్నాయని నిరుడు వేసవిలో తల కోయించారు. గన్నేరునో మునగనో తెగ్గొడితే పక్కనుంచి నాలుగు కొమ్మలు వస్తాయి కదా, ఇదీ అలాగే చిగురిస్తుందనుకున్నారు. రోజూ బిందెడు నీళ్లు పోశారు. మూడు నెలలైనా చిగురు లేదు. దీపావళి వానలకు మాను మెత్తబడింది. సంక్రాంతికి తవ్వేశారు.

నీళ్లు చాలక చావలేదు ఆ చెట్టు, ఎండకూ చావలేదు. తల కోసిన రోజే దాని పని అయిపోయింది. ఆ సంగతి ముందే తెలిసుంటే ఆ ఇంటివాళ్లు తీగలు పక్కకు జరిపించుకునేవారేమో. అందుకే ఈ వ్యాసం.

తాటి, టెంకాయ, ఈత, పోక, ఇళ్ల ముందు పెంచుకునే రకరకాల పామ్‌లు అన్నీ తాళజాతి అనే ఒకే కుటుంబం. ప్రపంచం మొత్తమ్మీద సుమారు 2,600 జాతులున్నాయి. వీటిలో చాలావాటికి మాను ఒక్కటే, పెరిగే చోటూ ఒక్కటే. మట్టల నడుమ, ఎన్నో పొరల లోపల దాగివుండే లేత మొగ్గ అది. మనవాళ్లు దాన్ని మొవ్వు అంటారు. చెట్టు బతికినన్నాళ్లూ వేసే ప్రతి ఆకూ, ప్రతి గెలా అక్కడే పుట్టాలి. వేపలోనో మామిడిలోనో ఆకు మొదళ్ల దగ్గర మొగ్గలు నిద్రపోతుంటాయి, కొమ్మ విరిగితే అవి మేలుకుంటాయి. తాటిలో ఆకు మొదలున వచ్చే మొగ్గ గెల అవుతుంది కానీ కొమ్మ కాదు. ఎరికా పామ్, ఖర్జూరం లాంటివి మొదట్లో పిలకలు వేస్తాయి కనుక ఒక మాను పోయినా మిగిలినవి నిలుస్తాయి. గుజరాత్ తీరంలో కొమ్మలు చీలే తాళజాతి చెట్టు కూడా ఒకటుంది. మన పెరట్లోని ఒంటిమాను చెట్లకు మాత్రం మొవ్వే ప్రాణం.

మానుది ఇంకా విచిత్రమైన కథ. వేప మానులో బెరడు కింద కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. అది ఏటేటా లోపలికి కొత్త కలపను, బయటికి కొత్త బెరడును చేర్చుతూ పోతుంది. గాయమైతే కప్పేస్తుంది, పాతబడ్డ నాళాల స్థానంలో కొత్తవి పుట్టిస్తుంది. తాళజాతిలో ఆ పొరే లేదు. వేర్ల నుంచి నీళ్లు పైకి తెచ్చే నాళాలు, ఆకుల నుంచి చక్కెర కిందికి తెచ్చే నాళాలు ఒక్కసారే పుడతాయి. ఎనభై ఏళ్ల తాటిచెట్టు మొదట్లో ఈరోజు నీళ్లు మోస్తున్నవి అది కుర్రచెట్టుగా ఉన్నప్పుడు ఏర్పడ్డ నాళాలే. మాను లోపలి జీవకణాలు కూడా చెట్టంత వయసు గడుపుతాయి. హార్వర్డ్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బారీ టామ్లిన్సన్ తాళజాతిని అంత ప్రత్యేకంగా చూసింది ఈ దీర్ఘాయువు వల్లనే.

టెంకాయ చెట్టు ఎక్కడానికి పూర్వం కొట్టిన మెట్ల గాట్లు చూడండి. ముప్పై ఏళ్ల తరవాత కూడా అదే ఎత్తులో, అదే లోతులో ఉంటాయి. పూడవు. పండక్కి బల్బుల దండ కట్టడానికి రాయల్ పామ్‌కు మేకులు కొడతారు కొందరు. ఆ రంధ్రాలూ అంతే, చెట్టు ఉన్నన్నాళ్లూ తెరుచుకునే ఉంటాయి. తాడుతో కట్టుకుంటే పోయేదానికి మేకు ఎందుకు?

మాను లావు పెరగదంటే మరి చిన్న మొక్క అంత లావు ఎలా అవుతుంది? ముందు నేలలోపల లావెక్కి, ఆ తరవాతే పైకి లేస్తుంది. గింజ మొలిచాక కొన్నేళ్లపాటు పైన నాలుగు ఆకులు తప్ప ఏమీ కనిపించదు. కింద మాత్రం మొవ్వు ఏటేటా వెడల్పవుతూ, తన పూర్తి చుట్టుకొలత అందుకునేదాకా అక్కడే ఉండిపోతుంది. తాటిది మరీ ఓపిక. కాపుకు రావడానికే పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. పోతు తాడో పెంటి తాడో తేలేదీ అప్పుడే. పామ్ నాటి రెండేళ్లయినా ఎదగలేదని పీకేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఎదుగుదల కనబడని ఆ ఏళ్లలోనే ఆ చెట్టు నిండా పెరుగుతూ ఉంటుంది.

ఇది నమ్మాలంటే తేగను చూస్తే చాలు. కొన్ని చోట్ల గేగు అంటారు, ఇక్కడి తమిళులు పనంకిళంగు అంటారు. సంక్రాంతి రోజుల్లో తిరువళ్లూరు బస్టాండు దగ్గర కట్టలు కట్టి అమ్ముతారు. రాలిన తాటిపండ్ల టెంకలను వదులు మట్టిలో పాతర వేస్తే, టెంకలోంచి వేరులాంటి గొట్టం ఒకటి తిన్నగా కిందికి దిగుతుంది. అది వేరు కాదు. పిండాన్ని కొసన పెట్టుకుని లోతుకు మోసుకుపోయే బీజదళపు కాడ. ఎండాకాలం అందని లోతుకు మొవ్వును దాచిపెట్టే ఏర్పాటు అది. అక్కడికి చేరాక మొలక చుట్టూ పిండి నిండిన తొడుగు ఊరుతుంది. మనం ఉడకబెట్టుకునో కాల్చుకునో తినేది ఆ తొడుగునే. టెంకను పగలగొడితే లోపల ఉండే తియ్యని బుర్రగుంజు మరో అవయవం. గింజలోని ఆహారాన్ని కరిగించి కిందికి పంపే జీర్ణాశయం లాంటిది. టెంకాయలో అదే పువ్వు.

తోటపని చేసేవాళ్లకు ఇందులో ఒక పాఠముంది. తాటి టెంకను పూలకుండీలో మొలిపించి, పెద్దయ్యాక నేలలో నాటుదామంటే ఆ గొట్టం కుండీ అడుక్కు తగిలి వంకర పోతుంది. నాటదలచిన చోటే టెంక పెట్టాలి, లేదా బాగా ఎత్తైన సంచి వాడాలి. అలంకారపు పామ్‌లలో చాలావాటి గింజలకు వేరే బలహీనత ఉంది, ఎండితే చచ్చిపోతాయి. ఎరికా గింజను పండు రాలిన కొద్ది రోజుల్లోనే నాటాలి. ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే పనికిరాదు. ఖర్జూరం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. ఇజ్రాయెల్‌లోని మసాదా కోట శిథిలాల్లో దొరికిన సుమారు 2,000 ఏళ్లనాటి ఖర్జూర గింజ 2005లో మొలిచింది.

మొవ్వును చంపేవి కత్తులొక్కటే కాదు. గోదావరి డెల్టా తాటితోపుల్లో 20వ శతాబ్దం మొదట్లో మొవ్వు కుళ్లు తెగులు విజృంభించింది. పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడైన ఎడ్విన్ జాన్ బట్లర్ వచ్చి పరిశీలించి, కారణమైన జీవికి 1907లో పేరు పెట్టాడు. ఫైటాఫ్తొరా పాల్మివొరా అని ఇవాళ పిలుస్తున్నాం. రెండో మాటకు తాళవృక్షాలను తినేది అని అర్థం. ప్రపంచమంతటా కోకో, దురియన్ తోటల్ని పాడుచేస్తున్న జీవికి ఆ పేరు మన తాటిచెట్ల వల్ల వచ్చింది. సోకిన చెట్ల తలలు నరికి కాల్చడం తప్ప అప్పట్లో మార్గం లేకపోయింది. తమిళనాట అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో నడుమ ఇంకా విప్పుకోని ఈటెలాంటి ఆకు వాడి, పట్టుకుని లాగితే ఊడి వస్తే, కుళ్లు వాసన వేస్తే, మొవ్వు పోయిందనే అర్థం.

ఇంకో శత్రువు కొమ్ము పురుగు. విప్పుకోని ఆకును మొవ్వు దగ్గర తొలుస్తుంది. ఆ ఆకు విప్పుకున్నాక కత్తెరతో కోసినట్టు త్రికోణపు కోతలు కనిపిస్తాయి. అది పుట్టేది పేడకుప్పలో. పచ్చిపేడ తెచ్చి చెట్టు మొదట్లో గుమ్మరించడమంటే ఆ పురుగును ఇంటికి పిలిచినట్టే, బాగా మాగిన ఎరువే వేయాలి. కొమ్ము పురుగు చేసిన గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు మాను లోపలే తింటూ పెరుగుతాయి. తల వాలేసరికి లోపల మిగిలేది పీచే. లోపలి మూడు మట్టల మొదళ్లలో ఇసుకతో కలిపిన వేపగింజల పొడి వేయడం రైతులు ఎన్నాళ్లుగానో చేస్తున్న పని. ఇంటి చెట్టుకూ అది సరిపోతుంది.

ఆకుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. అడుగు మట్ట పసుపెక్కగానే అందం చెడిందని నరికేస్తారు. ముదురాకుల మీద నారింజ చుక్కలు, కొసలు మాడడం చాలావరకు పొటాషియం కొరత. ఆ కొరతలో చెట్టు ముదురాకులోని పొటాషియాన్ని పీల్చి లేతాకుకు పంపుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో తిమోతీ బ్రోషాట్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన చెప్పేదిదే: సగం పసుపెక్కిన ఆకును కోస్తే చెట్టు దాచుకున్న మూటను లాక్కున్నట్టు. అప్పుడు కొరత పైవరుసకు ఎక్కుతుంది. చివరికి మొవ్వు దాకా పోతుంది. ఆకు పూర్తిగా ఎండి వేలాడేదాకా ఆగాలి. పొటాష్ వేసినా ఫలితం కొత్తాకుల్లోనే కనిపిస్తుంది, పాతాకు మళ్లీ పచ్చబడదు. ఇక లేతాకే ముడుచుకుని కాలినట్టు వస్తే అది మాంగనీసు కొరత. సున్నం ఎక్కువున్న బోరునీళ్లు పోసే రాయల్ పామ్‌లలో ఇది కనిపిస్తుంది. అలాంటి నేలలో పొయ్యి బూడిద పోస్తే ఇంకా చెడుతుంది.

ఇప్పుడు పెరటికి పామ్‌లు సేకరించే సంగతి. నర్సరీల్లో పేర్లు నమ్మకండి. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో బాటిల్ పామ్ అని అమ్మేది చాలాసార్లు రాయల్ పామ్, దాని స్వదేశం క్యూబా. అసలు బాటిల్ పామ్ మారిషస్ పక్కన రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవిది. మేకలు, కుందేళ్లు మేసేసి ఒక దశలో అక్కడ పదిలోపు పెద్ద చెట్లే మిగిలాయి. ఎరికా పామ్‌ది మడగాస్కర్. నిజమైన ఎరికా మన పోకచెట్టే, ఆ మాట పుట్టింది మలయాళపు అడక్క నుంచి. సైకస్, ట్రావెలర్స్ పామ్ అసలు పామ్‌లే కావు. సగ్గుబియ్యం పేరు కూడా ఆగ్నేయాసియా తాళవృక్షం నుంచి వచ్చిందే, ఇప్పుడు సేలంలో కర్రపెండలం నుంచి చేస్తున్నారు.

పేరు తెలియని మొక్కను గుర్తుపట్టడానికి ఒక చిన్న కిటుకు. రెల్ల, అంటే మట్టకు అటూ ఇటూ ఉండే సన్నాకు, ఎటు మడిచి ఉందో చూడండి. ఈత రెల్ల పైకి తెరిచిన కాలువలా ఉంటుంది, వాన నీళ్లు అందులో నిలుస్తాయి. టెంకాయ, పోక, రాయల్ రెల్లలు ఇంటి కప్పులా కిందికి వాలుతాయి. ఈతలో మట్ట మొదటి రెల్లలే ముళ్లుగా మారతాయి. జీలుగలో రెల్లలు మళ్లీ చీలి చేప తోకల్లా ఉంటాయి. జీలుగ, దాని దగ్గరి బంధువులు తప్ప ఇంకే పామ్‌లోనూ అలాంటి రెండుసార్లు చీలిన ఆకు లేదు. పిల్లలకు ఇవి చూపించండి, వేలితో తడిమి మరిచిపోరు.

వేసవిలో తమిళనాడు ఉష్ణోగ్రతల జాబితాలో తిరుత్తణి పేరు తరచూ పైనే ఉంటుంది. కత్తెర ఎండల్లో వడగాలికి లైక్యులా లాంటి విసనకర్ర ఆకులు మాడిపోతాయి. ఎర్రమాను లిప్‌స్టిక్ పామ్ ఇండొనేషియా, మలేషియా చిత్తడి నేలల చెట్టు, దాని మీద డబ్బు పోయకండి. బిస్మార్కియా, ఫాక్స్‌టెయిల్ ఈ ఎండను ఓర్చుకుంటాయి. రేపిస్‌కు ఉత్తరపు వరండా నీడ చాలు. ఫాక్స్‌టెయిల్ శాస్త్రజ్ఞుల కంట పడిందే 1970ల చివర్లో, ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ రాళ్ల గుట్టల్లో. ఆ చెట్టు సంగతులు తెలిసిన ఆదివాసి పెద్ద వోడ్యెటి పేరే దానికి 1983లో పెట్టారు. వెంటనే గింజల దొంగరవాణా మొదలైంది. సేకరణకు ఈ ముఖం కూడా ఉంది.

 మారిషస్‌లోని క్యూర్‌పీప్ వనంలో బాటిల్ పామ్‌కు దగ్గరి బంధువైన జాతి ఒకటుంది. లోకంలో మిగిలిన ఆ చెట్టు అదొక్కటే. దాని మగపూలు, ఆడపూలు ఒకే వేళకు విప్పుకోవు. ప్రయోగశాలలో పిండాలను పెంచి మొక్కలు చేయాలని చూసినా వంశం నిలబడలేదు. ఒక జాతి మొత్తం ఒక్క మొవ్వు మీద ఆగి ఉంది.

అంత దూరం పోకుండా మన సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలన్నది నాకు ఎక్కువ ముఖ్యం. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువరించిన గ్రంథంలో మన పొట్టి ఈతను వర్ణించాడు, దాని మానులోని పిండిని జనం కరువుల్లో తిన్నారని రాశాడు. ఆ పొట్టి ఈత చిన్న పెరడుకు సరిగ్గా అమరుతుంది. నర్సరీల్లో అడిగితే వింతగా చూస్తారు. ముప్పై నుంచి ఎనభై ఏళ్లు బతికి, ఒక్కసారి ఆకాశం నిండా పూసి చనిపోయే శ్రీతాళానికి ఇంటి పెరడు చాలదు, అది గుడి తోపులకో బడి మైదానాలకో తగిన చెట్టు. తాటి సంగతి వేరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారినా చెరువు కట్టలమీది తాటి వరుసలకు ఏ భాష అయినా ఒకటే. తమిళనాడు ప్రభుత్వం 2021లో 30 జిల్లాల్లో 76 లక్షల తాటి టెంకలు నాటే పథకం ప్రకటించింది. కలెక్టరు అనుమతి లేకుండా తాటిచెట్టు కొట్టకూడదంది.

మా పెరటి గోడ దగ్గర రెండు తాటిచెట్లున్నాయి. ఎండిన మట్టల్ని కోయించను. వాటి అడుగున పామ్ స్విఫ్ట్ అనే చిన్న పిట్ట ఉమ్మితో గూడు అంటించుకుంటుంది, గుడ్లు కూడా గాలికి జారకుండా ఉమ్మితోనే అతికిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో పండ్లు రాలాక గుజ్జు కడిగిన టెంకల్ని తమిళుల ఐప్పసి నెల (అక్టోబరు–నవంబరు) వానలకు ముందే చెరువు కట్ట మీద జానెడు లోతున పెట్టి వస్తాను. పెట్టిన ప్రతిచోటా ఒక రాయి గుర్తుంచుతాను. మొదటి ఆకు గడ్డిపోచలా ఉంటుంది, రాయి లేకపోతే మేకల కాపరి దాన్ని గడ్డే అనుకుంటాడు.