దసరా సెలవుల్లో ఒకటో తరగతి: పూలతో లెక్కలు, పండుగతో చదువు



దసరా సెలవులు దగ్గరపడ్డాయంటే ఒకటో తరగతి పిల్లల ఇళ్ల నుంచి మాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, హాలిడే హోంవర్క్ ఏమిస్తున్నారు?" ఏమీ ఇవ్వడం లేదంటే చాలామందికి కంగారు. ఇన్ని రోజులు పుస్తకం పట్టకపోతే నేర్చుకున్నదంతా మరిచిపోతారేమో, పక్క స్కూల్ పిల్లలు ముందుకు వెళ్లిపోతారేమో అని భయం. ఫీజు కట్టే తల్లిదండ్రులుగా మీరు అలా అడగడంలో తప్పేమీ లేదు. అందుకే ఈ నెల ఆ ప్రశ్నకు వివరంగా జవాబు ఇస్తున్నాం.

కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దని చెబుతోంది. ఆరేళ్ల పిల్లలు ఎక్కువసేపు కూర్చుని రాయలేరని, ఆ వయసులో చదువు చేతులతో, మాటలతో సాగాలని దాని ఉద్దేశం. అంటే సెలవుల్లో చదువు ఆగిపోవాలని కాదు. వర్క్‌షీట్ రూపంలో వద్దని మాత్రమే. మన దగ్గర దసరా సెలవుల్లోనే బతుకమ్మ వస్తుంది. తొమ్మిది రోజుల పాటు ఇంటి నిండా పూలు, రోజుకో పేరు, రోజుకో పిండివంట. ఒకటో తరగతికి కావలసిన చదువూ లెక్కా చాలావరకు అందులోనే ఉన్నాయి.

ఒకటో తరగతి అయ్యేసరికి ఏం రావాలి?

2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం దీన్ని స్పష్టంగా రాసిపెట్టింది. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నాలుగైదు చిన్న పదాలున్న కొత్త వాక్యాన్ని చదవగలగాలి. 99 వరకు సంఖ్యలు చదివి రాయగలగాలి. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చేయగలగాలి. అంతే. ఇది చాలా తక్కువ అనిపించవచ్చు కానీ, అసలు కష్టం ఇక్కడే ఉంది.

మీ పాపనో బాబునో ఒకటి నుంచి వంద వరకు చెప్పమనండి. చాలామంది గడగడా చెప్పేస్తారు. తర్వాత ఒక కాగితం మీద 17, 71 రాసి, ఏది పెద్దదో, ఎందుకు పెద్దదో అడగండి. అక్కడ తడబడితే, వంద వరకు వచ్చింది పాటలా వచ్చిందే తప్ప లెక్కగా రాలేదని అర్థం. ఇది తెలివితేటలకు సంబంధించిన విషయం కాదు. పదులు, ఒకట్లు అన్న ఊహ ఇంకా కుదరలేదు, అంతే. రెండో తరగతిలో పెద్ద కూడికలన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ఇప్పుడే గట్టిపడాలి.

తెలుగులో లెక్కపెట్టించండి, నష్టం లేదు

ఇందులో భాష పాత్ర కూడా ఉంది. ఇంగ్లిష్‌లో సెవెంటీన్ అన్నప్పుడు ముందు వినపడేది సెవెన్. విన్నట్టే రాసే పిల్లలు ముందు 7 వేసి, పక్కన 1 వేస్తారు. థర్టీన్‌కూ థర్టీకీ తేడా చెవికి సరిగ్గా అందదు. తెలుగులో పదమూడు, పదిహేడు అన్నప్పుడు పది ముందు వస్తుంది, రాసేటప్పుడూ పది స్థానమే ముందు. పదమూడును ముప్పై అనుకునే అవకాశమే లేదు. హిందీలో ఇక్కీస్, బాయీస్ అన్నప్పుడు మళ్లీ ఒకట్లు ముందు వినిపిస్తాయి.

శంషాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంకా ఎన్నో భాషలు ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియం కదా అని ఇంట్లో తెలుగు అంకెలు ఆపేయకండి. "పదిహేడు అంటే పదీ ఏడూ, దాన్నే స్కూల్లో సెవెంటీన్ అంటారు" అని రెండూ పక్కపక్కన చెప్పండి. మీది వేరే భాష అయితే మీ అంకెలతోనే మొదలుపెట్టండి. పదుల లెక్క ఒక భాషలో అర్థమైతే, రెండో భాషలో కొత్త పేర్లు నేర్చుకుంటే సరిపోతుంది.

1. పది పూలకు ఒక కట్ట

బతుకమ్మకు గునుగు, తంగేడు ఎలాగూ కట్టలు కడతారు. ఆ పని కొంత పిల్లలకు ఇవ్వండి. గునుగు పూలు పది లెక్కపెట్టి ఒక దారం కట్టాలి. కట్టలు ఒక పక్క, మిగిలిన విడి పూలు ఒక పక్క పెట్టాలి. మూడు కట్టలు, నాలుగు విడి పూలు ఉంటే ముప్పై నాలుగు. ఆ సంఖ్యను పక్కనే చాక్‌పీస్‌తో రాయించండి.

ఇప్పుడు ఇంకో కట్ట చేర్చి, ఎంతయిందని అడగండి. 34 కాస్తా 44 అవుతుంది. ఎడమ అంకె మారింది, కుడి అంకె అలాగే ఉంది. ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత విడి పూలు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోండి. 45, 46... 49 తర్వాత ఇంకొకటి వేస్తే విడి పూలు పది అయ్యాయి, కట్ట కట్టాల్సిందే. ఐదు కట్టలు, విడి పూలు సున్నా. 50లో సున్నా ఎందుకు ఉందో చేతికి తెలిసిపోతుంది. చివరగా 17నూ 71నూ పూలతో పేర్చమనండి. ఏది పెద్దదో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

2. పూల మార్కెట్ దారిలో పిల్లర్ నంబర్లు

మన ప్రాంతం నుంచి చాలామంది పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తారు. ఆరాంఘర్ దాటాక పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకుండా ఒకసారి కింది రోడ్డులో వెళ్లండి. పిల్లర్ల మీద వరుసగా నంబర్లు ఉంటాయి. మెహిదీపట్నం వైపు వెళ్తుంటే అవి తగ్గుతూ వస్తాయి, తిరిగి వచ్చేటప్పుడు పెరుగుతాయి. మొదట్లో కనిపించే మూడంకెల నంబర్లను మీరే చదివి వినిపించండి. రెండంకెల్లోకి వచ్చాక పని పిల్లలది. "ఇది 80, తర్వాత వచ్చేది ఎంత?" అంటే 79 అని చెప్పాలి. వెనక్కి లెక్కపెట్టడమే తీసివేతకు తొలి మెట్టు. వర్క్‌షీట్‌లో విసుగు పుట్టించే ఈ పని కారు కిటికీలోంచి ఆటలా ఉంటుంది. బస్సులో వెళ్లినా ఇంతే.

సొంతూరికి వెళ్తున్నారా? హైవే పక్కన కిలోమీటరు రాళ్లూ, బోర్డులూ ఇదే పని చేస్తాయి. బోర్డు మీద ఊరి పేరులో తెలిసిన అక్షరం ఒక్కటి దొరికినా మెచ్చుకోండి.

3. బతుకమ్మ పేర్చేటప్పుడు

తాంబాళంలో మొదటి వరుస పేర్చే ముందు, ఎన్ని పూలు పడతాయో ఊహించమనండి. పది కంటే ఎక్కువా, ఇరవై కంటే ఎక్కువా? తర్వాత పేర్చి లెక్కపెట్టండి. ఊహ తప్పినా పరవాలేదు. రెండో వరుసకు ఊహ ఇంకొంచెం దగ్గరగా వస్తుంది. పైకి వెళ్తున్నకొద్దీ వలయం చిన్నదవుతుంది, పూలు తగ్గుతాయి. కింది వరుసకూ పై వరుసకూ తేడా ఎంత అంటే అదే తీసివేత. ఒక పసుపు బంతి, రెండు ఎర్ర బంతులు, మళ్లీ ఒక పసుపు అని వరుస మొదలుపెట్టి, తర్వాత ఏది రావాలో అడగండి. ఇలాంటి క్రమాలు గుర్తుపట్టడం కూడా ఒకటో తరగతి లెక్కల్లో భాగమే.

4. పూల పేర్లతో చదవడం

పాత శుభలేఖలను చీటీలుగా కత్తిరించి, చీటీకొక పూల పేరు పెద్ద అక్షరాలతో రాయండి. ఏ పేరు ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. గునుగు అన్న మాటలో ఉన్నది ఉకారం ఒక్కటే, అందుకే దానితో మొదలుపెట్టండి. తర్వాత సున్న ఉన్న బంతి. ఆ తర్వాత తంగేడు, చామంతి, మందారం. వత్తులున్న గుమ్మడి, కట్ల చివరికి ఉంచండి. పువ్వు పక్కన దాని పేరున్న చీటీ పెట్టడమే ఆట. ఒక రోజు చీటీలు కలిపేసి మళ్లీ సర్దమనండి. ఇంగ్లిష్ చదవడం కూడా కావాలనుకుంటే చీటీ వెనక ఆ పేరు ఇంగ్లిష్‌లో రాయండి. రెండు వైపులా ఒకే రోజు మాత్రం వద్దు.

బతుకమ్మ పాటలూ ఇందుకు పనికొస్తాయి. ప్రతి పాదం చివర ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది కదా, ఇంట్లో పాటల పుస్తకం ఉంటే పేజీలో ఆ మాట ఎన్నిచోట్ల ఉందో వేలు పెట్టి వెతకమనండి. నోటికి వచ్చిన మాటను అచ్చులో గుర్తుపట్టడం చదువుకు మంచి మొదలు.

5. రోజుకొక వాక్యం

తొమ్మిది పేజీల చిన్న పుస్తకం కుట్టి ఇవ్వండి. ఎంగిలి పూల బతుకమ్మ, అటుకుల, ముద్దపప్పు, నానే బియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మ. పేజీ పైన ఆ రోజు పేరు మీరు రాయండి. కింద, ఆ రోజు ఏం చేశారో పిల్లలు ఒక్క వాక్యంలో చెప్పాలి, మీరు వాళ్ల మాటల్లోనే రాయాలి. "నేను అటుకులు తిన్నాను." "నానమ్మ అట్లు పోసింది." తర్వాత ఆ వాక్యాన్ని వాళ్లే చదవాలి, కింద బొమ్మ గీయాలి. తను చెప్పిన వాక్యం కాబట్టి చదవగలనన్న ధైర్యం ముందే ఉంటుంది. మరుసటి రోజు పాత పేజీ చదివాకే కొత్త పేజీ. చివరి రోజుకు తొమ్మిది వాక్యాల సొంత పుస్తకం చేతిలో ఉంటుంది.

ఇందులోనే ఒక లెక్క కూడా ఉంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు. మరి తొమ్మిది రోజుల్లో పేర్చేది ఎన్ని రోజులు?

6. సద్దులు, జమ్మి ఆకులు

సద్దుల రోజు మలీద ముద్దలు 12 ఉన్నాయి, తినేవాళ్లు నలుగురు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున పంచమనండి. పేరు చెప్పకుండానే భాగహారానికి దారి పడుతుంది. 13 ఉంటే ఏం చేయాలి? వాళ్ల జవాబు వినండి, సరదాగా ఉంటుంది.

దసరా రోజు సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెడతాం. పిల్లల జేబులో 20 ఆకులు ఉంచండి. తాతయ్యకు రెండు, అత్తమ్మకు రెండు, పక్కింటి అంకుల్‌కు ఒకటి. ఇంకా ఎన్ని మిగిలాయి? జమ్మి మన రాష్ట్ర వృక్షమనీ, తంగేడు రాష్ట్ర పుష్పమనీ, దసరా నాడు చూడాలని వెతికే పాలపిట్ట రాష్ట్ర పక్షి అనీ ఆ నడకలోనే చెప్పండి.

మూడు జాగ్రత్తలు

ఒకటి, రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకు సాయంత్రమే కుదరాలని లేదు, పొద్దున టిఫిన్ దగ్గరైనా సరే.

రెండు, తప్పు చెప్పగానే సరిదిద్దకండి. మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఆగండి. తర్వాత "ఎలా చెప్పావు?" అని అడగండి. చాలాసార్లు చెబుతూ చెబుతూ తమ తప్పు తామే పట్టుకుంటారు.

మూడు, చుట్టాలందరి ముందు నిలబెట్టి "హండ్రెడ్ దాకా చెప్పు" అనడం, బాబాయి కూతురితో పోల్చడం వద్దు. ఆరేళ్ల వయసులో లెక్కలంటే పుట్టిన భయం ఆ తర్వాత అంత తేలిగ్గా పోదు.

మీ ఇంట్లో బతుకమ్మ లేకపోతే?

ఏ పండుగైనా, ఏ వస్తువైనా ఇదే పద్ధతి. బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో మెట్లు లెక్కపెట్టించండి, బొమ్మలను జతలుగా నిలబెట్టి ఏది మిగిలిందో చూడమనండి. రంజాన్‌కు ఖర్జూరాలు, క్రిస్మస్‌కు నక్షత్రాలు, ఏ పండుగా లేని రోజు చిక్కుడుకాయలు. పదికొక కట్ట, రోజుకొక వాక్యం. ఈ రెండూ గుర్తుంటే మిగతావి మీకే తోస్తాయి.

స్కూల్ తెరిచిన రోజు ఆ తొమ్మిది పేజీల పుస్తకాన్ని బ్యాగ్‌లో పెట్టి పంపండి. మార్కులు వేయం, తప్పులు దిద్దం. ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన పేజీ పక్కన కూర్చున్న స్నేహితులకు చదివి వినిపిస్తారు. పుస్తకం పూర్తి కాకపోయినా, నాలుగు పేజీలే ఉన్నా పంపండి. ఆ నాలుగూ వాళ్లు నిజంగా చదవగలిగినవైతే, సెలవుల్లో చదువు ఆగలేదనే అర్థం.

మీకూ మీ కుటుంబానికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.