నడుము కొలతయు నెత్తురులోని మార్పులును

మేడ్చలు, షామీర్‌పేట ప్రాంతములలో ఒకప్పుడు నాట్లకును కలుపుతీతకును పోయిన యిల్లాండ్రలో పలువురు నేడు మేడల నడుమను కార్ఖానాల నడుమను కాపురములు చేయుచున్నారు. పొలము పోయినది, కంచములోని తెల్లయన్నము మాత్రము తగ్గలేదు. అందఱకు వడ్డించి, మిగిలినది పారవేయనొల్లక తామే తినుటయు మానలేదు.

సోదరీమణులారా! తిన్న యన్నము చక్కెరయై నెత్తురున చేరగనే క్లోమము ఇన్సులిన్ అను రసమును విడుచును. అది కండరములను చక్కెర లోనికి గొనుమనును. కాలేయమును క్రొత్తచక్కెర చేయవలదనును. పాటుపడు కండరము వెంటనే వినును. కదలక కూర్చున్నవారి కండరమును, కొవ్వుపట్టిన కాలేయమును ఆ మాట సరిగా వినవు. క్లోమ మింకను రసము పంపును. ఇందొక వింత గలదు. చక్కెర చేయవలదన్న మాటను పెడచెవిని బెట్టిన కాలేయమే, కొవ్వు చేయుమన్న మాటను మాత్రము చక్కగా పాటించును. తమకు నచ్చిన మాటనే వినెడి యిట్టి చుట్టములను మన మెరుగనివారము కాము! ఆ కొవ్వు ట్రైగ్లిసరైడులుగా నెత్తురున చేరును, మంచి కొలెస్ట్రాలు తగ్గును, రక్తపుపోటు హెచ్చును. ఇవి యొక్క మూలమునకు చెందిన కొమ్మలని 1988లో అమెరికా వైద్యుడు రీవెన్ వివరించెను.

మన దేశపు స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు 31½ అంగుళములు, హద్దు. చీరకట్టున నది మరుగుపడును గనుక, కడపటి ప్రక్కటెముకకును తుంటియెముకకును మధ్య టేపుతో కొలువవలెను. ట్రైగ్లిసరైడులు 150, పరగడుపు చక్కెర 100, రక్తపుపోటు 130/85 చేరుటయు, మంచి కొలెస్ట్రాలు 50కి తగ్గుటయు తక్కిన గుర్తులు. ఐదింట మూడున్నచో వ్యాధి కలదందురు. సన్ననివారికి భయము లేదనుకొనరాదు. ప్రమేహరోగులలో స్థూలులతోబాటు కృశులునుందురని చరకుడే చెప్పెను.

ఇది తల్లితో ముగియునది కాదు. తల్లి నెత్తురులోని చక్కెర మాయను దాటి శిశువును చేరును. శిశువు క్లోమము గర్భముననే అధికముగ శ్రమించును. అట్టి బిడ్డలకు పెద్దయిన పిమ్మట మధుమేహభయ మెక్కువ. తల్లుల ఆరోగ్యము బిడ్డల నెట్లు తాకునో తెలిసికొనుటకై మేడ్చలు మండలపు పల్లెలలో 2009 మొదలు 1,227 మంది యువతులను, గర్భము ధరింపకమునుపో తొలివారములలోనో చేర్చుకొని పరిశీలించిరి.

మా మాట యిది: ముందు కూరయు పప్పును, పిదప కొంచె మన్నమును తినుడు, ఒకపూట జొన్నరొట్టె చేసికొనుడు. భోజనానంతరము పావుగంట నడచినచో కండరము ఇన్సులిన్ అండ యంతగా లేకయే చక్కెరను గ్రహించును. గర్భిణులకు మొదటి పరీక్షనాడును, మరల 24–28 వారముల నడుమను 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండుగంటలకు నెత్తురు చూతురు. 140గాని అంతకు మించిగాని యున్నచో చికిత్స యానాడే మొదలుపెట్టవలెను. కాన్పయినవెనుక ఆరువారములకు మరల పరీక్ష చేయించుకొనవలెను. పసిబిడ్డ పనులలో పడి మనవారు మఱచునది ఈ కడపటి పరీక్షయే.