రెండు రూపాయల వడ్డీ ఎక్కువా? నాలుగు శాతం ఎక్కువా?

ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న అడిగి చూడండి. 'రెండు కన్నా నాలుగు ఎక్కువే కదా' అని తడుముకోకుండా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడే మన కొంప మునుగుతోంది. షావుకారు చెప్పే రెండు రూపాయలు నూటికి, నెలకు. బ్యాంకు చెప్పే నాలుగు శాతం నూటికి, ఏడాదికి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం.

ఓ లెక్క వేసుకుందాం. మీకు బయట 60,000 రూపాయల అప్పుంది, రెండు రూపాయల వడ్డీ అనుకోండి. నెలకు 1,200, ఏడాదికి 14,400 వడ్డీకే పోతుంది. అదే 60,000 బ్యాంకు పంట రుణంగా ఉండి, గడువులోగా కట్టేస్తే ఏడాది వడ్డీ 2,400. తేడా 12,000 రూపాయలు. ఎకరం సాగు ఖర్చులో పెద్ద భాగం అందులోనే వెళ్లిపోతుంది.

పట్నంలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు క్రెడిట్ కార్డుల మీద ఇలాంటి పనే చేస్తున్నారు. ఒక కార్డు మీది బాకీని తక్కువ వడ్డీకో, కొన్ని నెలలు వడ్డీ లేకుండానో ఇచ్చే ఇంకో కార్డుకు మార్చుకుంటారు. దాన్ని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటున్నారు. రైతుకూ ఒక కార్డుంది. అదే కిసాన్ క్రెడిట్ కార్డు. ఇది 1998లో వచ్చింది. బయటి అప్పును దీని సాయంతో దించుకోవచ్చు. అయితే పద్ధతి తెలియాలి, గడువు తప్పకూడదు.

నాలుగు శాతం ఎలా వస్తుంది?

3 లక్షల లోపు పంట రుణానికి బ్యాంకులు 7 శాతం వడ్డీ వేస్తాయి. కేంద్రం వడ్డీ రాయితీ భరిస్తుంది కాబట్టే ఆ రేటు. గడువులోగా మొత్తం కట్టిన రైతుకు మరో 3 శాతం తగ్గుతుంది. అలా 4 శాతం అవుతుంది. ఈ పథకాన్ని 2025-26కు కూడా కొనసాగించారు. ఇక్కడ గడువంటే బ్యాంకు చెప్పిన తేదీ. ఎలా చూసినా డబ్బు తీసుకున్న రోజు నుంచి ఏడాది దాటకూడదు. ఒక్క రోజు దాటినా ఆ 3 శాతం పోయినట్టే. ఆపైన బ్యాంకు మామూలు వడ్డీ పడుతుంది.

మన రాష్ట్రంలో 2019 ఖరీఫ్ నుంచి లక్ష లోపు పంట రుణం ఏడాదిలో కట్టినవాళ్లకు ఆ మిగతా 4 శాతం కూడా ప్రభుత్వమే జమ చేసే సున్నా వడ్డీ పథకం పెట్టారు. అందులోనూ రైతు ముందు వడ్డీతో సహా కట్టాలి, ఆ తర్వాతే జమ. ఈ ఏటి సంగతేమిటో మీ బ్యాంకులో కనుక్కోండి. మీ లెక్క మాత్రం 4 శాతం మీదే వేసుకోండి. వస్తే లాభం, రాకపోతే నష్టం లేదు.

కార్డు మీద ఎంత వస్తుంది?

ఏ పంటకు ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. ఉదాహరణకు ఎకరానికి 40,000 అనుకుందాం. రెండెకరాలకు 80,000. దానికి ఇంటి ఖర్చులు, కోత తర్వాతి ఖర్చుల కింద 10 శాతం, అంటే 8,000. మోటార్లు, పనిముట్ల మరమ్మతుల కింద 20 శాతం, అంటే 16,000. మొత్తం 1,04,000. పంటల బీమా ప్రీమియం దీనికి అదనం. చాలామంది రైతులకు ఈ 10 శాతం, 20 శాతం ఉన్నాయనే తెలియదు. లిమిట్ కట్టేటప్పుడు అవి కలిపారో లేదో అడగండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు పొలం తనఖా గానీ, హామీ గానీ అక్కర్లేదు.

ఇంకో మాట. లిమిట్ మంజూరైన రోజే మొత్తం తీసి ఇంట్లో పెట్టుకోవద్దు. తీసినంతకే, తీసిన రోజు నుంచే వడ్డీ. విత్తనానికి కొంత, ఎరువుకు కొంత తీసుకోండి. మధ్యలో పాలడబ్బో, కూలిడబ్బో వస్తే కట్టి, అవసరమైతే మళ్లీ తీసుకోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే

'సరే, లక్ష తీసి షావుకారు మొహాన కొట్టేస్తాం' అనుకోకండి. పంట రుణం పంట కోసం ఇచ్చింది. అది పాత బాకీకి పోతే విత్తనానికి చేతిలో పైసా ఉండదు. అప్పుడు మందుల కొట్టుకే మళ్లీ అరువుకు వెళ్తారు. బ్యాంకు బాకీ, కొట్టు బాకీ రెండూ నెత్తిన పడతాయి. అప్పు మారలేదు, రెండైంది.

సరైన దారి ఇది. ఈ ఏడు సాగు ఖర్చంతా కార్డు మీద పెట్టుకోండి. కొట్టులో నగదుకే కొనండి. అరువుకైతే ధరలోనే వడ్డీ కలిపేస్తారన్నది మీకు తెలిసిందే. పంట అమ్మాక ముందు బ్యాంకు బాకీ కట్టండి. ఏటా కొట్టుకూ, కమీషన్ దుకాణానికీ పోయే వడ్డీ మిగులుతుంది కదా, దాన్ని పాత అప్పు అసలుకు జమ వేయించండి. రెండు మూడు పంటలకు గానీ ఇది తేలదు. కానీ తేలుతుంది.

తొందరగా దించుకోవాలంటే వేరే దారులూ చూడండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి తెచ్చిన అప్పు సాధారణంగా రూపాయి వడ్డీ లోపే పడుతుంది. ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే, సంఘానికి ఇచ్చే బ్యాంకు రుణంలో 3 లక్షల వరకు 7 శాతమే. ప్రైవేటు అప్పుల్లో చిక్కుకున్న రైతులకు ఇచ్చే రుణాలను రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగం కింద లెక్కిస్తుంది. కాబట్టి ఆ మాట చెప్పి మేనేజరుకు అర్జీ రాసివ్వండి. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టమే అయినా అడగడంలో తప్పులేదు.

రెన్యువల్‌కు చేబదులు మంచిదేనా?

గడువు దగ్గరపడ్డాక చేతిలో డబ్బు లేక, నాలుగు రోజులకని చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, కొత్త రుణం రాగానే తిరిగిచ్చే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. లాభమా నష్టమా? లక్ష రూపాయల బాకీ మీద గడువులో కడితే మిగిలేది 3,000. చేబదులు మూడు రూపాయల వడ్డీకి 10 రోజులు తెస్తే అయ్యేది 1,000. లాభమే. కానీ రెన్యువల్ నెలరోజులు ఆలస్యమైతే వడ్డీ 3,000 అయి లెక్క సరికి సరి. రెండు నెలలైతే 3,000 చేతిచమురు. అందుకే డబ్బు తేకముందే బ్యాంకుకు వెళ్లి, కట్టిన ఎన్ని రోజులకు కొత్త రుణం ఇస్తారో అడగండి. 1-బి, అడంగల్, పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు ముందే సిద్ధం చేసుకోండి.

అబ్బాయి క్రెడిట్ కార్డు మీద నగదు తీసి కడదామనుకునేవాళ్లు ఆగాలి. కార్డుతో వస్తువు కొంటేనే కొన్నాళ్లు వడ్డీ ఉండదు. నగదు తీస్తే మొదటిరోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు. బాకీ వేరే కార్డుకు మార్చినా ఫీజు ఉంటుంది. గడువు దాటితే మూడు రూపాయలు, ఆపైన పడేదీ ఉంది.

ధర లేక పంట ఆపుకోవాలనుకుంటే మరో వీలుంది. గిడ్డంగుల నియంత్రణ సంస్థలో నమోదైన గోదాములో సరుకు పెట్టి రసీదు తీసుకుంటే, కిసాన్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు దాని మీద 7 శాతం వడ్డీకే 6 నెలల వరకు రుణం ఇస్తారు. ఆ డబ్బుతో పంట రుణం గడువులో కట్టేయొచ్చు. గోదాము నమోదైందో లేదో సరుకు దించకముందే అడగండి.

ప్రోనోటు సంగతి మరవకండి

ప్రోనోటుకు మూడేళ్లు కాలపరిమితి. అది దాటకముందే షావుకారు నోటు తిరగరాయిస్తాడు. మనం చెప్పుకున్న 60,000కు మూడేళ్ల వడ్డీ 43,200 కట్టలేకపోతే కొత్త నోటు 1,03,200కు రాస్తారు. ఆ రోజు నుంచి నెల వడ్డీ 1,200 కాదు, 2,064. అందుకని తిరగరాసేలోపే ఎంతో కొంత అసలు తగ్గించండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక జమ రాయించుకోండి. బాకీ తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోండి. 'తర్వాత ఇస్తాలే' అంటే ఒప్పుకోవద్దు. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద ఎవరడిగినా సంతకం పెట్టకండి.

కౌలు రైతులకు ఇదంతా అందని ద్రాక్షేనని తెలుసు. 2019 చట్టం కింద 11 నెలలకు సాగు హక్కు పత్రాలు ఇచ్చారు కానీ, భూమి యజమాని ఒప్పుకోవాలన్న నిబంధన దగ్గర చాలామంది ఆగిపోయారు. నలుగురి నుంచి పదిమంది కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడి కూడా బ్యాంకును అడగవచ్చు. సంఘంలో ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్ల మీద పడుతుంది కాబట్టి మనుషుల్ని చూసి చేరండి.

చివరగా మాఫీ మాట. 2008లో కేంద్రం, 2014లో రెండు తెలుగు రాష్ట్రాలు రుణాలు మాఫీ చేశాయి. తెలంగాణలో 2024లో మళ్లీ 2 లక్షల వరకు చేశారు. వచ్చినప్పుడు తీసుకుందాం. కానీ వస్తుందేమోనని గడువు దాటించుకుంటే చేతిలో ఉన్న 3 శాతం పోతుంది, ఖాతా మొండిబాకీ అయితే కొత్త రుణమూ పోతుంది. అప్పుడు మళ్లీ రెండు రూపాయల గుమ్మమే దిక్కు.

ఈరోజే మీ పాస్‌బుక్ తీసి, రుణం తీసుకున్న తేదీ చూసి, గోడమీద క్యాలెండర్లో గడువుకు నెల ముందు ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. ఏటా 12,000 మిగిలేదీ పోయేదీ ఆ గుర్తు మీదే ఉంది.