మారిషసు దీవి: అచ్చటి చెఱకు రైతులు

మన చోడవరము ప్రాంతపు రైతు చెఱకును నమ్ముకొని సంసారము నడుపువాఁడు. చెఱకు బాగుగఁ బండి సొమ్ము సకాలమునఁ జేతి కందిన ఏఁడు ఇంట శుభకార్యములు జరుగును. అందని ఏఁడు అప్పు పెరుగును. ఇట్లే చెఱకును నమ్ముకొని సుమారు రెండువందల ఏండ్లు బ్రతికిన చిన్న దేశ మొకటి హిందూ మహాసముద్రమునఁ గలదు. దాని పేరు మారిషసు. ఆ దీవి తోటలలోఁ జెమటోడ్చినవారిలో మన ఉత్తరాంధ్రమునుండి వెళ్లినవారును గలరు. కావున ఆ దేశపు ఉనికి, జనులు, ప్రభుత్వము, వ్యవసాయములను గూర్చి మన సంఘసభ్యులకుఁ దెలుపుట ప్రయోజనకర మని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఉనికి

మారిషసు ఆఫ్రికా ఖండమునకుఁ దూర్పున, మడగాస్కరు దీవికి సుమారు 800 కిలోమీటర్ల దూరమున నున్నది. ప్రధాన ద్వీపపు వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. రోడ్రిగ్సు మొదలగు చిన్న దీవులను గూడఁ జేర్చిన 2,040 చదరపు కిలోమీటర్లు. 2022వ సంవత్సరమున విభజింపఁబడి మన చోడవరము అనకాపల్లి జిల్లాలోఁ జేరక పూర్వము విశాఖపట్టణము జిల్లా వైశాల్యము 11,161 చదరపు కిలోమీటర్లు. అనఁగా ఆ దేశమంతయు మన పాత జిల్లాలో ఐదవ వంతైనను లేదు. జనసంఖ్య మాత్రము పండ్రెండున్నర లక్షలకుఁ జేరువగా నున్నది.

ఈ దీవి అగ్నిపర్వతములవలనఁ బుట్టినది. నడుమ మిట్టనేల, చుట్టును పల్లము, తీరము వెంబడి పగడపు దిబ్బలు గలవు. అన్నిటికంటె నెత్తైన శిఖరము 828 మీటర్లు మాత్రమే. నేల నిండ నల్లరాళ్లు. పూర్వపు కూలీలు ఆ రాళ్లను చేతులతో నేఱి పొలముల నడుమఁ గుప్పలుగాఁ బోసిరి. గోపురములవలెఁ బేర్చిన యా కుప్పలు నేఁటికిని చెఱకు తోటలలోఁ గానవచ్చును. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే ఋతువులు మనకుఁ దలక్రిందులు. మనకు ఎండలు మండు మే నెలలో వారికి చలికాలము మొదలగును. చెఱకు నఱకుట జూను మొదలు డిసెంబరు వఱకు జరుగును. నవంబరు మొదలు ఏప్రిలు వఱకు తుపానుల భయము.

జనులు

ఈ దీవిలో మొదట మనుష్యులే లేరు. 1598వ సంవత్సరమున డచ్చివారు దిగి తమ రాకుమారుఁడు మారిసు పేరు పెట్టిరి. 1639వ సంవత్సరమున జావానుండి చెఱకును దెచ్చి నాటినవారును వారే. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఇంగ్లీషువారు దీనిని వశపఱచుకొనిరి. ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియుఁ దేఁబడిన బానిసలచేఁ దోటల పని జరుగుచుండెను. 1835లో బానిసత్వము రద్దగుటతో దొరలకుఁ బనివారు కావలసి వచ్చిరి. అప్పుడు వారి చూపు మన దేశముపైఁ బడెను.

1834వ సంవత్సరము మొదలు సుమారు నాలుగున్నర లక్షల భారతీయులు ఒప్పందపు కూలీలుగా నా దీవికిఁ గొనిపోఁబడిరి. ఐదేండ్ల ఒప్పందము, మగవానికి నెలకు ఐదు రూపాయలును తిండి దినుసులును జీతము. ఒక దినము పనికి రానియెడల రెండు దినముల కూలి కోయుచుండిరి. ఓడ దిగిన కూలీలను నిలిపిన స్థలము పోర్టు లూయీ పట్టణమున నున్నది. దానిని 'ఆప్రవాసి ఘాట్' అందురు. 2006లో ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

ఇట్లు వెళ్లినవారిలో హిందీ, భోజపురి, తమిళము, మరాఠీ మాటలాడువారితోపాటు గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుఁగువారును గలరు. కోరంగి రేవునుండి ఓడ నెక్కుటచే తెలుఁగువారి కచ్చట 'కోరంగీలు' అను పేరు వచ్చినది. వారి సంతతివారు నేఁడు ఇంటిలో క్రియోలు భాషనే యెక్కువగా మాటలాడుచున్నను ఉగాదిని జరుపుకొందురు, రామభజనము చేయుదురు, అమ్మోరు పండుగ చేయుదురు, సింహాద్రి అప్పన్నను గొలుతురు. పాఠశాలలలో తెలుఁగు నేర్చుకొనుటకు వీలు కలదు. 1990లో మూఁడవ ప్రపంచ తెలుఁగు మహాసభలు ఆ దీవియందే జరిగినవి. సింహాచలము కొండ క్రిందినుండి వెళ్లిన కూలి తన దేవునిఁ దనతోఁ గొనిపోయె ననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ప్రభుత్వము

చాలకాలము అచ్చట ఓటు ఆస్తిపరులదే. 1948 ఎన్నికలకు ముందు చేసిన మార్పులవలన దీవిలో వాడుకలోనున్న భాషలలో దేనియందైనను చదువను వ్రాయను వచ్చినవారికి ఓటు లభించినది. దానితో వేలకొలఁది కూలీల బిడ్డలు, చిన్న రైతులు ఓటర్లైరి. అక్షరము నేర్చుట హక్కును సంపాదించుట యని వారికి ప్రత్యక్షముగాఁ దెలిసినది. 1959లో వయోజను లందఱకును ఓటు వచ్చెను.

1968 మార్చి 12వ తేదీన మారిషసు స్వతంత్రమైనది. సర్ శివసాగర రామ్‌గులాము మొదటి ప్రధానమంత్రి. 1992లో అదే దినమున గణతంత్రమైనది. శాసనసభకు 21 నియోజకవర్గములనుండి 62 మంది సభ్యులు ఎన్నుకొనఁబడుదురు. ఏ తెగవారికైనను తగిన స్థానములు రానిచో ఓడినవారిలో మిక్కిలి ఓట్లు వచ్చినవారిని, ఎనిమిదిమందికి మించకుండ, సభలోఁ జేర్చుకొను పద్ధతియుఁ గలదు. అధ్యక్షుఁడు రాజ్యమునకు శిరస్సు, పరిపాలనభారము ప్రధానమంత్రిది. గ్రామములకు ఎన్నికైన గ్రామసభలు గలవు.

చెఱకు సాగు, వర్తకము

1880 మొదలు 1920 వఱకు చక్కెర ధరలు తగ్గి తోటల యజమానులు చిక్కులఁ బడిరి. వారు తమ భూములలో నాసిరకపు చెక్కలను ముక్కలు చేసి కూలీలకే యమ్మిరి. కూలి డబ్బు కూడబెట్టుకొన్నవారు ఎకరము రెండెకరములు కొని చిన్న రైతులైరి. అయినను చెఱకు నాడవలసినది పెద్ద కర్మాగారమునందే. తూనిక వారిది, ధర వారిది.

1937లో ఇదే కలహమునకుఁ గారణమైనది. చిన్న రైతులు 'ఊబా' అను మొండి రకమును విరివిగా వేయుచుండిరి. అది బీద నేలలోను బరువు తూగును. చక్కెర పాలు తక్కువ యని చెప్పి కర్మాగారములవారు దానికి నూటికి పదునైదు వంతులు ధర తగ్గించిరి. రైతులు, కూలీలు ఆందోళన చేసిరి. కాల్పులు జరిగి కొందఱు ప్రాణములు గోల్పోయిరి. విచారణసంఘము ఏర్పడినది. తత్ఫలితముగా కర్మాగారమునకును రైతునకును సంబంధములేని మధ్యస్థ మండలి స్థాపింపఁబడెను. ఆ మండలి యుద్యోగులు చెఱకు తూనికను, అందలి చక్కెర పాలును పరీక్షించుచుండిరి. వచ్చిన చక్కెరలో పూర్వము రైతునకు మూఁడింట రెండు వంతులు చెల్లుచుండెను; తరువాత చాలకాలము నూటికి 78 వంతులు రైతునకు, 22 వంతులు కర్మాగారమునకు అను నిష్పత్తి నడచినది. చక్కెర నంతటిని 1919లో నేర్పడిన సిండికేటు ఒక్కటే యమ్మును.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. మన దేశమున ప్రభుత్వము ప్రకటించు చెఱకు ధర కర్మాగారపు సగటు చక్కెర దిగుబడిపై ఆధారపడినది. శుభ్రమైన పక్వపు చెఱకు తెచ్చిన రైతునకును, ఆకుతో మట్టితోఁ దెచ్చిన రైతునకును ఒకే ధర. ఎవరి చెఱకుకు వారి పరీక్ష యుండినచో మంచి సాగునకు ప్రోత్సాహము కలుగును.

తుపానులకు వారు చేసికొన్న యేర్పాటును గమనింపఁదగినదే. 1945లో వరుసగా తుపానులు వచ్చి పంట నాశనమైన పిమ్మట 1946లో చెఱకునకు నిర్బంధ భీమానిధిని నెలకొల్పిరి. పెద్ద తోటవాఁడైనను అరయెకరము రైతైనను అందఱును చందా చెల్లింపవలసియుండెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు తోటలు నేలవ్రాలుట చూచిన మనకు దీని విలువ వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

ఒక్క పంటను నమ్ముట

స్వాతంత్ర్యము వచ్చునాఁటికి ఆ దేశపు ఎగుమతులలో నూటికి 90 వంతులకు పైగా చక్కెరయే. తినెడి బియ్యము, గోధుమలు పరదేశమునుండి రావలసినదే. ఈ అపాయమును గుర్తించి 1970 మొదలు బట్టల కర్మాగారములను, పిదప యాత్రికుల వసతులను, బ్యాంకు వ్యవహారములను బెంచిరి. 1975 మొదలు ఐరోపా దేశములు ఏటేటా సుమారు ఐదు లక్షల టన్నుల చక్కెరను హామీ ధరకుఁ గొనుచుండెను. 2006–2009 నడుమ ఆ ధర నూటికి 36 వంతులు తగ్గింపఁబడెను, ఒప్పందమును ముగిసెను. వేలకొలఁది చిన్న రైతులు సాగు మానిరి. 19వ శతాబ్దపు నడుమ 250కి మించియున్న కర్మాగారములు నేఁడు వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినవి.

మిగిలినవారు నిలిచిన దెట్లు? ముడి చక్కెరకు బదులు శుద్ధి చేసినదియు, ప్రత్యేక రకముల చక్కెరలును జేసిరి. పిప్పిని కాల్చి విద్యుచ్ఛక్తి పుట్టించి యమ్మిరి. మడ్డినుండి సారాయము తీసిరి. చెఱకులో నే భాగమును వృథా పోనీయలేదు.

సహకారము

మన దేశమున 1904, 1912 సంవత్సరములలో సహకార శాసనములు పుట్టినవి. ఆ మాదిరినే 1913లో మారిషసున సహకార పరపతి సంఘముల శాసనము చేయఁబడినది. వడ్డీ వర్తకుల చేతఁ జిక్కిన చిన్న చెఱకు రైతులే మొదటి సభ్యులు. ఇటీవలి కాలమున వారి సంఘములలోఁ గొన్ని న్యాయవర్తక ముద్రను బొంది, విదేశములలో కొంత అధిక ధర సంపాదించి, ఆ సొమ్మును ఎరువులకు, ఉమ్మడి పనులకు వినియోగించుచున్నవి.

మనకును ఆ దీవికిని ఇచ్చిపుచ్చుకొనుట లున్నవి. ఎఱ్ఱకుళ్లు తెగులుచే గోదావరి ప్రాంతపు చెఱకు చెడిన కాలమున 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రము పెట్టి, 'ఎఱ్ఱ మారిషసు' రకమును బ్రచారము చేసిరి. మనుష్యుల నిచ్చి మనము చెఱకు ముచ్చెలను దెచ్చుకొంటిమి. గుజరాతీయులు పంచదారను నేఁటికిని 'మోరస్' అనుటకుఁ గారణము గూడ ఆ దీవియే.

సభ్యులు గ్రహింపవలసినది

గోవాడలో సహకార చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొన్న ప్రాంతము మనది. మారిషసు చిన్న రైతునకు కర్మాగారము పరులది. అతఁడు తూనికలో న్యాయము కొఱకుఁ బోరాడవలసి వచ్చినది. సహకార పద్ధతిలో కర్మాగారము సభ్యులదే. కాని పేరు సభ్యులదైనంత మాత్రమునఁ జాలదు. సర్వసభ్య సమావేశమునకు వెళ్లి లెక్క లడుగువాఁడే నిజమైన యజమాని. చెఱకు తోలిన 14 దినములలో సొమ్ము చెల్లింపవలె ననియు, ఆలస్యమైనచో నూటికి 15 చొప్పున వడ్డీ యీయవలె ననియు 1966 నాఁటి చెఱకు ఉత్తరువు చెప్పుచున్నది. ఆ హక్కును దెలిసికొనుట యొక విధి. పక్వమైన శుభ్రమైన చెఱకును వంతు ప్రకారము తోలుట మఱియొక విధి.

చెఱకుతోపాటు ఇంటి తిండికి వరి, అపరాలు, పాడి వదలరాదు. ఒక్క పంటపై బ్రతికిన దేశమునకే ధర పడిపోయినప్పుడు అంత కష్టము కలిగినచో, రెండెకరముల సంసారము సంగతి వేఱుగఁ జెప్పవలయునా? సముద్రముల కావల మన వారి బిడ్డలు నేర్చిన పాఠమును మనము ఇంటివద్దనే కూర్చుండి నేర్చుకొనుట మేలని మా మనవి.